గోదావరి దారిలో ఒక మజిలీ

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణము పసుపునకు ప్రసిద్ధి. మాఘ ఫాల్గుణ మాసములలో ఆ పట్టణము చుట్టునున్న పల్లెలలో ఎటు చూచినను కళ్లములపై పసుపు ఆరుచుండును. రహదారిపై పోవు వాహనములలోనికి సహితము ఆ వాసన వచ్చి తాకును. ఊరిని ఆనుకొని నల్లని బండలు పేర్చినట్లుండు సిద్ధులగుట్ట కలదు. గుట్టపైని గుహలో శివుడు, ఆ సమీపముననే రామచంద్రుడు కొలువై యున్నారు. తొమ్మండుగురు నాథసిద్ధులు తపస్సు చేసిన చోటగుటచే ఊరికి నవనాథపురమను పేరు పూర్వముండెనని స్థానికులు చెప్పుకొందురు. ఆరును మూరును కలిసి తొమ్మిదియై ‘ఆర్మూరు’ అయినదని మరియొక మాట. ‘మూరు’ కన్నడమున మూడు. సరిహద్దు సీమలలో రెండు భాషలు ఒక ఊరి పేరున కలిసికొనుటలో వింత లేదు.

శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా పోవుచున్నది. 2010లో సంఖ్యలు మార్చుటకు పూర్వము ఇది 7వ సంఖ్య రహదారిలోని భాగము. ఆ రహదారి వారణాసిలో మొదలై కన్యాకుమారిలో ముగిసెడిది. అనగా కాశీనుండి సేతువు వైపు పోవు త్రోవలో ఆర్మూరు ఒక మజిలీ. నిజామాబాదునుండి జగిత్యాల, ధర్మపురి, మంచిర్యాలల వైపు పోవు 63వ సంఖ్య రహదారి ఇచ్చటనే దానిని దాటును. ఈ కూడలి విశేషము త్రోవలు తెలిసినవారికి సులభముగ బోధపడును. ఉత్తరమునకు పోయినచో పోచంపాడు వద్దను, సోన్ వద్దను గోదావరి. తూర్పునకు పోయినచో ధర్మపురి వద్ద గోదావరి. పడమటికి నిజామాబాదు మీదుగా పోయినచో బాసర వద్దను, కందకుర్తి వద్దను గోదావరి. కందకుర్తిలో గోదావరితో మంజీరయు, హరిద్రయు కలియును. హరిద్ర యనగా పసుపే. పసుపు పండు జిల్లాలోని నదికి ఆ పేరు చక్కగా అమరినది.

గోదావరికి పోవువారందరు పుష్కర స్నానమునకే పోరు. 2015 జూలైలో పుష్కరములు వచ్చినప్పుడు ఈ దారులన్నియు జనముతో నిండిపోయినవి. 2027లో మరల వచ్చును. ఆ నడుమ పండ్రెండేండ్లును ఈ త్రోవలో మరియొక విధమైన యాత్రికులు పోవుచునే యుందురు. వారి వాహనములో పాటలుండవు. ఒకని ఒడిలో మూతికి గుడ్డ కట్టిన చిన్న కుండ యుండును. దారిలో గుడి కనబడినను వారు దిగరు, మైల. బంధువుల ఇల్లున్నను పోరు, అస్థికలను ఇంటిలోనికి కొనిపోరాదు గదా. అయినను ఎచ్చటనో ఒకచోట ఆగక తప్పదు. వాహనము నడుపువానికి విశ్రాంతి కావలెను, వృద్ధులకు గుక్కెడు నీళ్లు కావలెను. అట్లు ఆగినప్పుడును కుండ పట్టినవాడు కుండను విడిచి రాడు. చెట్టు నీడననో, వాహనమునొద్దనో నిలిచియుండును. తక్కినవారు వంతులవారీగా పోయి వత్తురు. కర్మకాండ గ్రంథములలో ఈ అరగంటను గురించి ఏమియు వ్రాసియుండదు. కాని పోయినవాడు లేడను మాట మనస్సునకు పూర్తిగా తెలియవచ్చునది తరచుగా ఈ అరగంటలోనే.

అట్టి కుటుంబము నొకదానిని మనస్సునం దుంచుకొందము. హైదరాబాదునుండి తెల్లవారకముందే బయలుదేరినవారు, తల్లియు ఇద్దరు కుమారులును. పోయినవాడు ఇంటి యజమానుడు. వైష్ణవ సంప్రదాయమున నిలిచినవాడు, అనుదినము నామపారాయణ చేసినవాడు. మాఘమాసమున ఏటేట భార్యతో కూడ గోదావరీ స్నానమునకు ఈ త్రోవననే వచ్చి, తిరుగుదారిలో ఆర్మూరులో ఏడాదికి సరిపడు పసుపు కొమ్ములు కొనుట ఆయనకు వాడుక. ఇప్పుడును మాఘమాసమే. వేపచెట్టు క్రింద పెద్ద కుమారుడు కుండతో నిలిచియున్నాడు. చిన్నవాడు తల్లికి తేనీరు తెచ్చి యిచ్చెను. ఆమె త్రాగలేదు. ఎదుటి అంగడి ముందు గోతములలోని కొమ్ములను చూచుచు, “మీ బాపు ఒక్క ఏడన్న కొమ్ము ఇరిచి చూడకుండ కొనలే బిడ్డా” అనెను.

ఈ కుటుంబమునకు వచ్చిన దుఃఖము ఒక్కటే యైనను, అది ముగ్గురిలోను మూడు విధములుగ నున్నది. చిన్నవాడు పరామర్శకు వచ్చినవారు చెప్పిన మాటలతో వేగుచున్నాడు. “ఇంత భక్తుల ఇంట పుట్టి ఏడ్చుటేమి? గీత చదివినవారు శోకింపవచ్చునా?” అని వారు మందలించిరి. పెద్దవాని బాధ అంతకన్న లోతైనది. తండ్రి చివరి దినములు ఆసుపత్రిలో యంత్రము సాయముతో ఊపిరి పీల్చుచు తెలివిలేక గడచినవి. జీవితమంతయు నామము చెప్పిన నోట చివరి గడియలో నామము రాలేదు. కుమారుడు అద్దపు తలుపునకు ఇవతల నిలుచుండిపోయెను. చెవిలో ఒక్కమారు ‘నారాయణ’ అని చెప్పు అవకాశమైనను కలుగలేదు. తల్లి దుఃఖమును ఆమె చెప్పదు, ఇతరులు అడుగరు.

మొదట చిన్నవాని సంగతి. గీతలో భగవానుని ఉపదేశము, శోకింపదగనివారిని గూర్చి శోకించుచున్నావు అను మాటతోనే మొదలగుచున్నది. అది నిజము. పద్దెనిమిదవ అధ్యాయమున చరమశ్లోకము శోకింపకుమను మాటతోనే ముగియుచున్నది. అదియు నిజమే. అయితే ఈ రెంటి నడుమ ఏమి జరిగెనో పరామర్శకు వచ్చినవారు మరచిరి. మొదటి మాట శోకించువానిని ప్రశ్నించినది. చివరి మాట, పాపములనుండి నిన్ను నేను విడిపింతును గనుక శోకింపకుము అని ధైర్యము చెప్పినది. పూర్వాచార్యులు ఆ చివరి మాటను శరణాగతునకు ఇచ్చిన అభయముగ చూచిరి. అభయమును గద్దింపుగ మార్చి, కన్నీరు పెట్టినవాని ముఖముపై విసరుట శాస్త్రమును తలక్రిందులుగ పట్టుకొనుటయే.

భగవానుడు తాను మానవుడై వచ్చినప్పుడు ఏమి చేసెనో చూడవలెను. చూచుటకు దూరము పోనక్కరలేదు. ఆర్మూరునుండి ఏ దారిన పోయినను ఎదురగు ఆ గోదావరి ఒడ్డుననే అది జరిగినది. పంచవటి నాసిక వద్దిదని కొందరు, పర్ణశాల యొద్దిదని మరికొందరు అందురు. గట్టు ఏదైనను నది ఒక్కటే. అరణ్యకాండలో సీత కనబడని పర్ణశాలను చూచిన రాముడు చెట్టు చెట్టును అడిగెను. కడిమిని అడిగెను, మారేడును అడిగెను, మద్దిని అడిగెను. తామరపూలకై నదికి పోయినదేమో చూచి రమ్మని లక్ష్మణుని పంపెను. లక్ష్మణుడు వచ్చి, ఎచ్చటను కనబడలేదనెను. అప్పుడు తానే పోయి గోదావరి నడిగెను. భూతములన్నియు చెప్పుమని ప్రేరేపించినను, రావణుని భయముచే నది నోరు విప్పలేదని వాల్మీకి మహర్షి వ్రాసియున్నాడు. నాటినుండి ఎందరు ఆ ఒడ్డున నిలిచి, మావారేరి యని మనస్సులో అడిగిరో! నది వారికిని బదులు చెప్పలేదు. ఆ మౌనము ముందు మొదట నిలిచినవాడు శ్రీరాముడే.

ఆ శోకము హద్దు దాటబోయిన ఘట్టమును సహితము మహర్షి దాచలేదు. దుఃఖము కోపమై, లోకములనే నశింపజేసెదనని రాముడు విల్లు పట్టెను. అడ్డుపడినవాడు తమ్ముడు. వసిష్ఠునంతటివాడు ఒక్కదినముననే నూర్గురు కుమారులను పోగొట్టుకొన్నాడని, సూర్యచంద్రులకు సహితము గ్రహణము తప్పదని లక్ష్మణుడు గుర్తు చేసెను. ఇవన్నియు పూర్వము నీవు నాకు అనేక పర్యాయములు చెప్పినవే, నేను నీకు క్రొత్తగ బోధించుట లేదు, శోకముచే నిద్రించుచున్న నీ జ్ఞానమును మేల్కొల్పుచున్నాను అని అతడన్న తీరు మిక్కిలి గమనింపదగినది. పరామర్శకు పోవువారు నేర్వవలసిన పాఠమిది. లక్ష్మణుడు అన్నను తక్కువ చేయలేదు, జ్ఞానము లేదనలేదు. అన్నీ తెలిసినవానికి తెలిసినదానినే చేతికి అందించెను. ఏడ్వవద్దని గద్దించుటకును, దీనికిని ఎంత దూరమో!

తరువాత వచ్చునది జటాయువు కథ. తండ్రికి మిత్రుడైన ఆ పక్షిరాజు రెక్కలు తెగి నేలపై పడియున్నాడు. తండ్రి దశరథుడు మరణించినప్పుడు రాముడు దగ్గర లేడు. భరతుడు కేకయనుండి వచ్చువరకు ఆ శరీరమును తైలమునం దుంచి కాపాడిరి. రామునికి వార్త చిత్రకూటముననే తెలిసినది. మందాకినిలో జలతర్పణము చేసి, గారపిండితో పిండము పెట్టుటకు మాత్రమే వీలు చిక్కినది. తండ్రి చితికి నిప్పు పెట్టు భాగ్యము జ్యేష్ఠపుత్రునకు లేకపోయెను. గోదావరీతీరమున ఆ లోటు వేరొక రూపమున తీరినది. తనకు దశరథుడెంత పూజ్యుడో జటాయువు నంత పూజ్యుడని చెప్పి, రాముడు కట్టెలు తెప్పించి, చితి పేర్చి, స్వయముగ దహనము చేసెను. సీతను పోగొట్టుకొన్న దుఃఖముకన్న తనకై ఈతడు మరణించిన దుఃఖము ఎక్కువని లక్ష్మణునితో అనెను. ఉత్తమలోకములకు పొమ్మని అనుజ్ఞ యిచ్చెను. పిమ్మట అన్నదమ్ములిద్దరు గోదావరికి పోయి ఆ పక్షికి నీళ్లు విడిచిరి. భద్రాచలమునకు ప్రక్కనున్న ఏటపాక జటాయువు పేరుననే వెలసినదని ఆ సీమవారు చెప్పుకొందురు. ఇట్లు చూడగా గోదావరిలో పితృసముడైన వానికి జలము విడుచుట నేటి కుటుంబములు క్రొత్తగ చేయు పని కాదు. శ్రీరాముడు దిగిన నీటిలోనే వారును దిగుచున్నారు. పోచంపాడు వద్ద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టకు తరువాత శ్రీరామసాగరమని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారి తలంపు ఏదైనను, ఆ నీటికి అంతకన్న తగిన పేరు లేదు.

అయోధ్యాకాండలో ప్రజలు దశరథుని ముందు రాముని గుణములను వర్ణించుచు, ప్రజలకు కష్టము వచ్చినప్పుడు ఆయన తానే మిక్కిలి దుఃఖించునని ఒక గుణముగ లెక్కించిరి. దానిని వారు లోపముగ చెప్పలేదు. అర్జునుని శోకము వాని చేతినుండి గాండీవమును జార్చినది గనుక భగవానుడు దానిని ఖండించెను. రాముని శోకము ఆయన పాదములను ఆపలేదు. కన్నీటితోనే జటాయువునకు సంస్కారము చేసెను, కన్నీటితోనే దక్షిణమునకు నడిచెను, శబరి ఆతిథ్యము గ్రహించెను, పంపాతీరము చేరెను. శోకము చేయవలసిన పనిని ఆపినదా లేదా అనునదే చూడవలసినది. కన్ను తడియైనదా లేదా అనునది కాదు. కుండను విడువక చెట్టు క్రింద నిలిచినవాడు ఏడ్చినచో వాని భక్తికి ఏ కొరతయు రాదు.

ఇక పెద్దకుమారుని భయము. అంత్యకాలమున దేనిని తలచుచు శరీరమును విడుచునో దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. దానిని చదివినవారికి ఈ భయము సహజము. నేటి కాలమున ఇది మరింత ఎక్కువైనది. పూర్వము ఇంటి వసారాలో, తులసి దగ్గర, పిల్లలు చుట్టుముట్టియుండగా ప్రాణములు పోయెడివి. నోట తీర్థము పోసెడివారు, చెవిలో నామము చెప్పెడివారు. ఇప్పుడు అనేకులకు చివరి ఘడియ గొట్టముల నడుమ, మత్తులో, పరాయివారి మధ్య గడచుచున్నది. పిల్లలు చేయగలిగిన చికిత్సయంతయు చేయించి, ఆ చికిత్సయే తల్లిదండ్రుల నోటినుండి నామమును దూరము చేసెనని తరువాత కుములుచున్నారు.

ఆర్మూరునుండి తూర్పుగ పోవు దారిలోనున్న ధర్మపురిలో ఈ ప్రశ్నను ఒక తెలుగు కవి ఎన్నడో నృసింహస్వామి ముందు పెట్టియున్నాడు. నరసింహ శతకకర్త శేషప్ప కవి ఆ ఊరివాడే. బ్రతికియున్నన్నినాళ్లు స్మరింపగలను గాని మరణకాలమున యమభటులు వచ్చి నిలిచినప్పుడు, కఫవాతములు క్రమ్మినప్పుడు నీ పేరు జ్ఞప్తికి వచ్చునో రాదో, కావున ఇప్పుడే పిలుచుచున్నాను, ఈ పిలుపునే అప్పటికిని లెక్కలో వేసికొనుము అని ఆ భక్తుని విన్నపము సారాంశము. తెలుగు ఇండ్లలో పిల్లలు సహితము ఈ పద్యమును వల్లించెడివారు. ధర్మపురి నృసింహాలయ ప్రాంగణముననే యమధర్మరాజునకు గుడి యున్నది. ఆ ఊరి కవికి ఈ భయము కలుగుట, దానిని దాచక స్వామితోనే చెప్పుకొనుట ఎంత సహజము!

విన్నపమునకు బదులు వరాహపురాణమున ముందే యున్నది. శ్రీవైష్ణవులు రహస్యత్రయముతో పాటు ఆదరించు వరాహ చరమశ్లోకము అదియే. భూదేవి అడుగగా స్వామి చెప్పిన మాట యిది. ఆరోగ్యముగ, మనస్సు స్థిముతముగ నున్న కాలమున భక్తుడు తనను తలచినచో చాలును. వాడు చివరకు కట్టెవలె, రాయివలె తెలివిలేక పడియున్నప్పుడు వానిని తలచుకొను భారము స్వామిది. అప్పుడు భక్తుడు భగవంతుని స్మరించుట కాదు, భగవంతుడే భక్తుని స్మరించి తన పదమునకు కొనిపోవును. గీతలోని మాటకును దీనికిని విరోధము లేదు. అంత్యస్మరణము కావలసినదే. శరణాగతుని విషయమున దానిని చేయువాడు మారుచున్నాడు. అద్దపు తలుపునకు ఇవతల నిలిచిపోయిన కుమారుడు ఈ సంగతిని తెలిసికొనవలెను. తాను లోపలికి పోలేకపోయెను. తన తండ్రి మంచమునొద్ద నిలువవలసినవాడు అప్పటికే అచ్చట నిలిచియున్నాడు.

ఆలస్యముగ చేరిన బాధ ఆచార్యులను సహితము విడువలేదు. యామునాచార్యులను దర్శింపవలెనని మహాపూర్ణులతో కంచినుండి శ్రీరంగమునకు బయలుదేరిన శ్రీరామానుజులు, చేరుసరికి కావేరీతీరమున జనసమూహమును చూచిరి. యామునులు పరమపదించిరి. ఒక్కమాటయైనను మాటాడు భాగ్యము కలుగలేదు. ఆ చేతి వ్రేళ్లు మూడు ముడిచి యుండుట చూచి, శిష్యులనడిగి, ఆయన తీరని కోరికలు మూడింటిని తాము తీర్చెదమని ప్రతిజ్ఞ చేసిరనియు, ఒక్కొక్క ప్రతిజ్ఞకు ఒక్కొక్క వ్రేలు విచ్చుకొనెననియు గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. బ్రహ్మసూత్రములకు భాష్యము వ్రాయుట ఆ ప్రతిజ్ఞలలో ఒకటి. శ్రీభాష్యమను మహాగ్రంథమునకు మూలము ఒక ప్రయాణము, ఒక ఆలస్యము, ఒక లోటు.

ఇప్పుడు అంగడి ముందున్న పసుపు గోతములకు మరల వత్తము. ఈ సీమలో పసుపును వానలు పడునప్పుడు నాటి, ఎనిమిది తొమ్మిది నెలలకు త్రవ్వుదురు. త్రవ్విన దుంపలలో కొమ్ములను, మండలను వేరు చేసి ఉడికింతురు. పూర్వము పెద్ద కడాయిలలో నీళ్లు పోసి, క్రింద మంట పెట్టి ముప్పావుగంటనుండి గంటవరకు ఉడికించెడివారు. ఇప్పుడు ఆవిరి యంత్రములు వచ్చినవి. నురుగు పైకి వచ్చి, ఘాటైన వాసన లేచి, పుల్ల గ్రుచ్చినచో మెత్తగ దిగినప్పుడు ఉడికినట్లు గురుతు. పిదప రెండు వారముల వరకు ఎండబెట్టుదురు. ఎండిన కొమ్మును విరిచినచో ఖణేలుమని శబ్దము రావలెను, లోపల నిండు రంగు కనబడవలెను. ఆ ఇంటి యజమానుడు ఏటేట విరిచి చూచినది దీనినే. ఈ పంట అమ్మకమునకై రైతులు నిజామాబాదు మార్కెట్టుకును, ఒక్కొక్కప్పుడు మహారాష్ట్రలోని సాంగ్లికిని పోవుటలో పడిన అగచాట్లు పెద్ద కథ. చాలకాలము అడుగగా 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమైనది.

రైతు తన పంటనంతయు ఉడికింపడు. మరుసటి ఏటికి విత్తనముగ కావలసినదానిని పచ్చిగనే నీడలో, ఆకులు కప్పి దాచును. ఏలన, ఒకసారి ఉడికిన కొమ్ము మరల మొలకెత్తదు. దాని రంగు పోదు, వాసన పోదు. నిజమునకు ఉడికిన పిమ్మటనే రంగు లోపలంతట సమముగ పరచుకొనును. మొలకెత్తు శక్తి యొక్కటియే పోవును.

శ్రీమద్భాగవతము దశమస్కంధము ఇరువదిరెండవ అధ్యాయములో శ్రీకృష్ణుడు ఈ దృష్టాంతమునే చెప్పియున్నాడు. మార్గశీర్షమున కాత్యాయనీవ్రతము చేసిన గోపకన్యలతో, తనయందు మనస్సు నిలిపినవారి కోరిక మరల కోరికను పుట్టించునది కాదని, వేచిన గింజయు ఉడికిన గింజయు విత్తనమునకు పనికిరానట్లే ఇదియు అని ఆయన అనెను. వేపిన గింజ ఉపమానము వేదాంతములో అందరకు తెలిసినదే. ఉడికిన గింజను కూడ చేర్చుట అంతగ ఎవరును పట్టించుకొనరు. ఆర్మూరు రైతునకు దాని అర్థమును వేరుగ చెప్పనక్కరలేదు. స్వామి కోరికను నశింపజేసెదనని చెప్పలేదు, దానిని తనయందు పెట్టుమనెను. పెట్టిన పిమ్మట అది గింజగనే యుండును, ఆకలి తీర్చును, మరియొక బంధమును మాత్రము మొలిపింపదు.

శోకము విషయమున ఇది అక్షరాల సరిపోవును. పచ్చి శోకము మొలకెత్తును. దానినుండి వైద్యునిపై కోపము పుట్టును, అన్నదమ్ముల నడుమ నింద పుట్టును, నేను ఆనాడు అట్లు చేసినచో బ్రతికెడివాడేమో యను పశ్చాత్తాపము పుట్టును, చివరకు దేవునిపై అలుక పుట్టును. ఒక్క మరణమునుండి ఇంటినిండ దుఃఖములు పండును. ఎన్ని కుటుంబములు దశాహము ముగియకముందే చీలిపోవుట చూచుట లేదు! ఆ శోకమునే స్వామి ముందు పెట్టినచో, పోయినవాడు నీవాడే, నావాడని నేను అనుకొన్నవాడు మొదటినుండియు నీ సొత్తే, నాకు మాత్రము ఆయన లేక తోచకున్నది అని చెప్పుకొన్నచో, ఆ లోటు తీరిపోదు. మాఘమాసము వచ్చినప్పుడెల్ల గుర్తుకు వచ్చును. పసుపు వాసన తగిలినప్పుడెల్ల కన్ను చెమర్చును. రంగు పోదు గదా. కాని దానినుండి మరియొక దుఃఖము పుట్టదు. గోపికలు అక్రూరుని రథము పోవుచుండగా దాని ధ్వజమును, దుమ్మును కనబడునంతవరకు బొమ్మలవలె నిలిచి చూచిరని భాగవతము చెప్పుచున్నది. అటుపిమ్మట వారి వియోగము తీరలేదు. ఆ తీరని వియోగమును చూచియే, జ్ఞానియైన ఉద్ధవుడు వారి పాదధూళి సోకునట్లు బృందావనమున ఒక పొదయై పుట్టవలెనని కోరుకొనెను.

తల్లి సంగతి మిగిలినది. తేనీరు చల్లారుచుండగా ఆమె ఆ గోతములను చూచుచున్నది. ముప్పది నలువది ఏండ్లు ప్రతి ఉదయము చేతికి తగిలిన పసుపు ఆమెకు ఇక లోకాచారముచే దూరమగును. పదవ దినమున జరుగునదానిని తలచుకొని ఆమె ముందే లోలోపల కుంచించుకొనిపోవుచున్నది. ఇంటింటి ఆచారములు వేరు, అవి కాలముతో మారుచున్నవి, కొన్ని మారవలసియు నున్నవి. వానిని ఇచ్చట విచారింప పనిలేదు. ఒక్క సంగతి మాత్రము నిశ్చయము. శరణాగతికి స్త్రీయని, పురుషుడని, భర్త యున్నదని, లేదని అధికారభేదమును మన ఆచార్యులు చెప్పలేదు. కుంతీదేవి భర్తను పోగొట్టుకొన్న స్త్రీయే. భాగవత ప్రథమస్కంధమున ద్వారకకు బయలుదేరిన శ్రీకృష్ణుని రథమునొద్ద నిలిచి స్తుతించినది ఆమెయే. ఆపదలు వచ్చినప్పుడెల్ల నీ దర్శనమగుచున్నది గనుక అవియే మరల మరల రానిమ్మని ఆమె అడిగెను. ఆ స్తుతిని విని స్వామి చిరునవ్వు నవ్వెను. ఆమె అమంగళయని ఏ ఋషియు వ్రాయలేదు. పసుపు ఆమె చేతినుండి దూరమైనను, శుక్రవారమున తిరుమలలో స్వామి వక్షఃస్థలమునందలి లక్ష్మికి పసుపుతో అభిషేకము జరుగుట ఆగలేదు, ఆ పసుపు ఆమె తల్లిదే. తల్లి సౌభాగ్యమున బిడ్డకు ఎన్నడును పాలు పోదు.

మైల యని గుట్టపైని రామాలయమునకు పోలేనివారికి ఏమి మిగులునని అడుగవచ్చును. అర్చనకు మైల కలదు, ఆలయప్రవేశమునకు కలదు. నామమునకు లేదు. స్నానము లేకున్నను, చెప్పులు విడువకున్నను, టీ దుకాణము ముందు బల్లపై కూర్చున్నను నామము చెప్పుకొనవచ్చును. ఆమె గుట్టవైపు తిరిగి, పెదవులు కదలించుచు కొంతసేపు కూర్చుండెను. తరువాత చిన్నవానిని పిలిచి, ఏటేట కొన్నంతే కొమ్ములు కొని తెమ్మనెను. వాడు ఒక్క నిమిషము తల్లివైపు చూచెను. “ఇంట్ల కోడలున్నది, పూజ ఉన్నది. ఇరిచి చూసి తే” అనెను.

వాడు అంగడికి పోయి ఒక కొమ్ము తీసి విరిచెను. చెట్టు క్రింద కుండతో నిలిచియున్న అన్న ఆ శబ్దమునకు తల యెత్తి చూచెను. సంచి వాహనములో ఎక్కినది. గోదావరి ఇంక గంటలోపు దూరమున నున్నది. పురోహితుడు సోన్ వద్ద ఎదురుచూచుచుండెను.